గానా, జానా? ఇంతకీ హవా అంటే గాలా, ప్రేమా?

ముత్యాలసరం:
మూడు రోజులుగా ఒక పాట ముక్క బుర్రలో తిరుగుతోంది. ఈజిప్టు గాయకుడు అబ్దెల్ హలీం హాఫెజ్ పాడింది. "జానల్ హవా జానా, వ్ రమానల్ హవా రమానా", ఆ తర్వాత "అస్మరానీ" అని ఏదో వస్తుంది. 1969లో వచ్చిన 'అబీ ఫౌక్ అల్ షగరా' సినిమాలోది, హలీం చివరి సినిమా. బాణీ బలీగ్ హమ్దీ, రచన మొహమ్మద్ హమ్జా. నా సందేహం ఒక్కటే. ఈ హవా, మనం ఎన్నికల వార్తల్లో రాసే హవా ఒకటేనా? "గాలి వచ్చింది, మమ్మల్ని విసిరేసింది" అని రాసుకున్నాను కానీ మనసు ఒప్పుకోవట్లేదు.

కువైట్ కబుర్లు:
ముందు ఆ మొదటి అక్షరం సరిచేద్దామండీ. జానా కాదు, గానా. అరబీ 'జ' అక్షరం జీమ్ కైరో నోట్లో ఎప్పుడూ 'గ'యే. సినిమా పేరులో షగరా అని సరిగ్గా రాసి పాటలో జానా అనేశారు. ఈజిప్టు నర్తకి సామియా గమాల్ పేరు చూడండి, మిగతా అరబ్బులకు ఆ మాట జమాల్. మా ఆఫీసులో సిరియా ఆయన ఇదే పాట జానా అనే పాడతాడు. పక్కనే ఉన్న ఈజిప్టు ఆయన ప్రతిసారీ పాట ఆపించి గానా అనిపిస్తాడు.

చెరువుగట్టు:
ఈ జ-గ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన జవాబు కైరోలో గవాబ్. అక్కడ దానికి 'ఉత్తరం' అనే అర్థం, పోస్టులో వచ్చే ఉత్తరం. మనకూ జాబు అంటే ఉత్తరమే కదా. జాబు జవాబు నుంచే వచ్చిందని నేను ఎప్పటినుంచో అంటున్నాను. పైగా ఉత్తరం అంటే సంస్కృతంలో బదులు. బదులు చెప్పే మాటే అక్కడా ఇక్కడా కాగితం మీద రాసే జాబు అయింది!

ముత్యాలసరం:
బాగుంది మాస్టారూ, కానీ హవా?

కువైట్ కబుర్లు:
అరబీలో రెండు మాటలున్నాయి. ప్రేమ అనే హవా ఒకటి. చివర హమ్జాతో, అంటే గొంతులో టక్కున ఆగే చప్పుడుతో, ముగిసే హవాఅ ఇంకొకటి, అది గాలి. కైరో వాడుకలో ఆ హమ్జా రాలిపోతుంది కాబట్టి చెవికి రెండూ ఒకటే. పాట అచ్చువేసేటప్పుడు మాత్రం ప్రేమ స్పెల్లింగే వేస్తారు. మన హవా గాలి వైపుది, ఫారసీ ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది.

నిజాం కాలేజీ పాత బ్యాచ్:
హవాలా కూడా ఈ కుటుంబమే కదన్నా?

కువైట్ కబుర్లు:
కాదు తమ్ముడూ. హవాలాలో హ గొంతు లోతు నుంచి వచ్చే హ, ధాతువే వేరు. తెలుగులో రెండింటికీ ఒకే 'హ' రాస్తాం కాబట్టి చుట్టాల్లా కనిపిస్తాయి.

చెరువుగట్టు:
అచ్చులో ప్రేమ అని వేసినంత మాత్రాన తేలిపోయినట్టేనా? తర్వాతి చరణం వినండి. "రమానల్ హవా వ్ నిఇస్నా" అంటాడు. నిఇస్నా అంటే కునుకు పట్టింది అని. ప్రేమ తగిలితే నిద్ర ఎగిరిపోతుంది కానీ కునుకు పడుతుందా? మధ్యాహ్నం అరుగు మీద కూర్చుంటే పైరగాలికి రెప్పలు వాలిపోతాయి చూడండి, అదే ఇది. ఇది ముమ్మాటికీ గాలే.

కువైట్ కబుర్లు:
మరి అదే పాటలో "షబక్నా బిల్ హవా" ఉంది. షబక అంటే వల. గాలితో ఎవరైనా వల వేస్తారా? వల వేసింది ప్రేమే. ఇంకోటి, ఈజిప్టులో నిశ్చితార్థానికి పెళ్లికూతురికి పెట్టే బంగారాన్ని షబ్కా అంటారు. ఆ మాట వినగానే అక్కడివాళ్లకు ఉంగరం, గాజులు కళ్లముందు కనిపిస్తాయి. చరణం చివర "చిక్కించినవాళ్లే విడిపించాలి" అని వేడుకోవడం కూడా అందుకే.

నిజాం కాలేజీ పాత బ్యాచ్:
అస్మరానీలో మన స్మరుడు ఉన్నాడేమో అనిపించింది. మన్మథుడు, ప్రేమ, వల, అన్నీ కుదురుతున్నాయి.

చెరువుగట్టు:
కుదిరినట్టు అనిపిస్తుంది నాయనా, కానీ సంబంధం లేదు. అస్మర్ అంటే చామనచాయ. "రిమ్ష్ ఇల్ అస్మరానీ" అంటే ఆ చామనచాయ మనిషి రెప్పవెంట్రుక. ఆ వెంట్రుకలే వల దారాలు. ఇంత సన్నటి ఊహ సినిమా పాటలో దొరకడం మామూలు విషయం కాదు.

దిబ్బరొట్టె:
ఇంత చర్చలో ఈజిప్టు కవి బైరం అల్ తూన్సీ పేరు ఎవరూ ఎత్తలేదేమిటి? హవా అంటే ముందు గుర్తు రావాల్సింది ఆయన రాస్తే గాయని ఉమ్ కుల్సుమ్ పాడిన "హవా గల్లాబ్". ప్రేమ అందరినీ ఓడిస్తుందంటారు, నిజమేనా అని అమాయకంగా అడుగుతుంది. 1960 నాటి పాట, బాణీ జకరియా అహ్మద్. మరుసటి ఏడాది మొదట్లోనే కవి, స్వరకర్త ఇద్దరూ పోయారు. బైరం రాసినదాంట్లో ఎక్కువ వీధి భాషే. రాజకుటుంబాన్ని ఎద్దేవా చేశాడని దేశం నుంచి వెళ్లగొట్టారు, ఏళ్ల తరబడి ఫ్రాన్సులో పస్తులున్నాడు. కైరో కూరగాయల బండి దగ్గర వినిపించే అరబీని కవిత్వంలో కూర్చోబెట్టిన మనిషి. గిడుగు వారి పోరాటం తెలిసినవాళ్లకు ఆయన విలువ వేరే చెప్పక్కర్లేదు.

కువైట్ కబుర్లు:
బైరం అంటే నాకూ ప్రాణం. అయితే ఆయన పాటలో గాలి అర్థానికి చోటే లేదు, గాలి ఎవరిని ఓడిస్తుంది? హలీం పాటలోనే ఈ తకరారు. పాత అరబీ పద్యం ఒకటుంది: హవాన్ అంటే అవమానం, అందులోని 'న్' హవా నుంచి దొంగిలించిందే, అందుకే ప్రేమలో పడ్డవాడు అవమానంలో పడ్డట్టే అని. "రమానా" అని పడేసే క్రియ వాడటంలో నాకు ఆ పద్యం నీడ కనిపిస్తుంది.

చెరువుగట్టు:
నీడ మీకు కనిపిస్తోంది, నాకు కునుకు వినిపిస్తోంది.

అందెల రవళి:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నాలుగేళ్లుగా రక్స్ షర్కీ నేర్చుకుంటున్నాను. తెలుగులో దీన్ని బెల్లీ డాన్స్ అనేస్తాం కానీ, అరబీ పేరుకు 'తూర్పు నాట్యం' అని అర్థం, పొట్ట ఊసే లేదు. ఈ పాటకు మా టీచర్ గారు నేర్పిన పద్ధతి చెబుతాను. మొదటి "హవా"కు రెండు చేతులూ పక్కలకు తేలిపోవాలి, వేళ్ల చివర్లు మాత్రమే కదలాలి. "రమానా" దగ్గర నడుము ఒక్కసారి కిందికి జారాలి. "రిమ్ష్"కు చూపుడు వేలు కంటి కొసన ఆగుతుంది. "షబక్నా"కు రెండు చేతుల వేళ్లూ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి. చివరి "హవా"కు ఆ చిక్కిన చేతులే గుండె మీదికి వస్తాయి. ఒకే మాటకు మొదట గాలి, చివర ప్రేమ. ఇది కవి ఉద్దేశమో, మా టీచర్ గారి ఊహో చెప్పలేను. కానీ అలా ఆడుతున్నప్పుడు రెండు అర్థాలూ ఒంట్లోకి వచ్చేస్తాయి.

ముత్యాలసరం:
అక్కా, వేళ్ల సంగతి చదవగానే పాట మళ్లీ పెట్టుకున్నాను. ఇప్పుడు కొత్త చిక్కు. "రిమ్ష్"కు తెలుగు ఏం రాయను? రెప్ప అంటే మూత అయిపోతుంది. పక్ష్మం అంటే పాట చచ్చిపోతుంది.

చెరువుగట్టు:
మా అమ్మ "రెప్పల వెంట్రుకలు" అనేది. అంతకంటే చిన్న మాట నేను వినలేదు.

దిబ్బరొట్టె:
బైరం అయితే బజారుకెళ్లి కనుక్కునేవాడు. రేపు కాటుక అమ్మే చోట అడిగి చెబుతాను.