స్పేస్ స్టేషన్ మరుగుదొడ్డి మోడల్: చార్టులో ఏం రాయించాలి?

పర్లాకిమిడి టీచర్:
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే ఎనిమిదో తరగతి పిల్లలు సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఇది ఎంచుకున్నారు. బరువు తెలియని చోట మలమూత్రాలు ఎలా పోతాయి? మూత్రం తాగునీరెలా అవుతుంది? తెలుగులో వివరంగా చెప్పండి.

గుణుపురం ఫిట్టర్:
మాస్టారూ, అక్కడ నీళ్లు చేసే పని గాలి చేస్తుంది. మూత్రానికి గొట్టం, దాని చివర గరాటు. ఫ్యాను ముందే తిరుగుతుండాలి, లేకపోతే చుక్కలు గదిలో తేలతాయి. గాలితో కలిసొచ్చిన మూత్రాన్ని గిర్రున తిరిగే సెపరేటర్ విడదీస్తుంది. మలం సంచిలో పడుతుంది, సంచిని డబ్బాలోకి తోసేస్తారు. నిండిన డబ్బాలు చెత్తతోపాటు సరుకు నౌకలో వాతావరణంలోకి దిగి కాలిపోతాయి. సీటుకీ ఒంటికీ మధ్య సందుంటే గాలి లాగడం తగ్గిపోతుంది. అందుకే కాళ్లు కదలకుండా పట్టి ఉంచే ఆసరాలు.

బరంపురం కెమిస్ట్రీ:
అసలు చూపించాల్సింది నీటి యంత్రం. మూత్రంలో ముందుగా ఆమ్లం, క్రోమియం కలిపిన మందు పోస్తారు, సూక్ష్మజీవులు పెరగకుండా. తరవాత తిరిగే డ్రమ్ములో తక్కువ పీడనం మీద ఆవిరి చేస్తారు. మరిగించే వేడి అక్కర్లేదు.

2008లో పంపిన ఆ యంత్రం 2009లో మొరాయించింది. కారణం ఎముకలు! బరువు మోయని ఎముకలోంచి కాల్షియం కరిగి మూత్రంలోకి వస్తుంది. అప్పట్లో మందులో వాడిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలోని సల్ఫేటుతో కలిసి కాల్షియం సల్ఫేటుగా గట్టిపడింది. మన బోరు నీళ్ల గిన్నెల అడుగున పట్టే తెల్లటి పెచ్చులాంటిదే, డ్రమ్ములో పట్టింది. భూమ్మీది మనుషుల మూత్రంతో లెక్కేసి కట్టిన యంత్రం మరి! మూత్రంలోని నీటిలో 85 శాతం తిరిగి రావాల్సింది, పెచ్చు కట్టకుండా 70-75 దగ్గర ఆపాల్సి వచ్చింది. తరవాత ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారారు. ఎముక, నీరు అక్కడ వేరు కావని పిల్లలకి ఇంతకంటే బాగా చెప్పలేం.

సిరొంచ రేవు:
మోడల్‌కి వాక్యూమ్ క్లీనర్ చాలండి. గొట్టం మూతికి పల్చటి దోమతెర గుడ్డ కట్టి, పైన గరాటు బిగించండి. గరాటు నోరు కిందికి తిప్పి థర్మోకోల్ గింజల మీద పట్టండి. గింజలు పైకెక్కితే, లాగుతున్నది గాలేనని తెలిసిపోతుంది. నీళ్లతో మాత్రం వద్దు, మోటారు తడిస్తే షాక్ కొడుతుంది.

పర్లాకిమిడి టీచర్:
98 శాతం నీరు తిరిగొస్తుందంటున్నారు, మలంలో నీరు కూడానా?

బరంపురం కెమిస్ట్రీ:
కాదండి. మూత్రం, చెమట, ఊపిరి తేమ మాత్రమే. చివర మిగిలే చిక్కటి ఉప్పునీటిని పొరసంచిలో పోసి వెచ్చటి గాలితో ఆరబెట్టే పరికరం 2021లో వెళ్లింది. 98 దాకా చేరింది దానివల్లే, 2023లో ప్రకటించారు. చార్టులో మలాన్ని వేరే బాణం గీసి చూపించండి.