చేతిలో డబ్బు ఉంచుకోవాలా, కార్డు బాకీ తీర్చేయాలా?

ఊగిసలాట:
బ్యాంకులో నా పొదుపు రెండు లక్షలు. క్రెడిట్ కార్డు బాకీ లక్షన్నర. ఎనిమిది నెలలుగా మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే మొత్తం, అదే కట్టుకుంటూ నెట్టుకొస్తున్నాను. పొదుపు తీసి ఒకేసారి కట్టేయమని ఇంట్లో పోరు. ఖాతాలో యాభై వేలే మిగులుతాయని తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది. మూడేళ్లు కూడబెట్టిన డబ్బండీ. మీరైతే ఏం చేశారు?

లెక్కలపిచ్చి:
దేనికి ఎంత వడ్డీ?

ఊగిసలాట:
కార్డుకు 3 శాతం, పొదుపుకు 4 శాతం.

లెక్కలపిచ్చి:
కార్డుది నెలకు, పొదుపుది ఏడాదికి అయి ఉంటుంది, చూడండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నూటికి నెలకు మూడు వడ్డీ అని ఎవరైనా అప్పిస్తామంటే దండం పెట్టి వచ్చేస్తాం. కార్డు మీద అదే వడ్డీ మాట్లాడకుండా కడతాం! ఏడాదికి 36 శాతం, వడ్డీ మీద వడ్డీ పడితే 42 దాటుతుంది. మీ లక్షన్నర బాకీకి నెలకు 4,500 వడ్డీ. అంతే డబ్బు పొదుపు ఖాతాలో నెలకు తెచ్చేది 500. అంటే ఖాతాలో అంకె చూసుకుని ధైర్యంగా ఉండటానికి నెలకు 4,000 కడుతున్నారు. మినిమం డ్యూ 5 శాతం అనుకుంటే మీరు కట్టే 7,500లో అసలుకు పోయేది 3,000 మాత్రమే. కట్టేయండి, ఆలోచించకండి.

దెబ్బతిన్నవాణ్ణి:
లెక్క కరెక్టే. నేనూ అలాగే ఉన్నదంతా ఊడ్చి కట్టేశాను. అవసరమొస్తే కార్డు ఉందిగా అని ధీమా. రెండు నెలలకే ఉద్యోగం పోయింది. కార్డు తీసి చూస్తే లిమిట్ సగానికి తగ్గించేసి ఉంది. లిమిట్ బ్యాంకుది, మన డబ్బు కాదు, ఎప్పుడైనా తగ్గిస్తారు. ఇంటి ఓనరు కార్డు తీసుకోడు, నగదే కావాలి. చివరికి కార్డు మీదే ఏటీఎంలో డబ్బు తీశాను. దానికి ఫీజు వేరే, వడ్డీ తీసిన రోజు నుంచే. తీర్చిన బాకీ మళ్లీ నెత్తికెక్కింది. అందుకే అంటున్నా, ఖాతా ఖాళీ చేయకండి.

కొత్తగా వచ్చాను:
మరి ఎంత ఉంచుకోవాలండీ?

ఇంటిలెక్క:
మా ఇంట్లో నాది నెల జీతం, మా ఆయనది ఒక నెల ఉంటే ఒక నెల ఉండని పని. నా ఒక్కదాని జీతంతోనే ఇల్లు నడిచేటప్పుడు ఒక నెల ఖర్చు ఉంచి మిగతాది బాకీకి వేశాం. నేను సెలవు పెట్టాల్సి వచ్చిన ఏడాది మూడు నెలల ఖర్చు దాకా ముట్టుకోలేదు, వడ్డీ పోతే పోయిందని. ఆరు నెలల ఖర్చు దాచాకే బాకీ సంగతి చూద్దాం అనుకుంటే మాత్రం వడ్డీ తినేస్తుంది. ముందు బాకీ తీరాలి, కార్డుకు పోయే వాయిదా అప్పుడు పొదుపులో పడుతుంది.

లెక్కలపిచ్చి:
దెబ్బతిన్నవాణ్ణి గారి మాట విన్నాక నా "ఆలోచించకండి" వెనక్కి తీసుకుంటున్నా. ఒక నెల ఖర్చు ఉంచుకోండి. ఇంకోటి, పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి సాధారణంగా వడ్డీలేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ. కాబట్టి బాకీ తీరేదాకా ఆ కార్డు బయటకు తీయొద్దు.

కొత్తగా వచ్చాను:
బాకీ మొత్తం ఈఎంఐగా మార్చుకుంటే?

ఇంటిలెక్క:
వడ్డీ తగ్గొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే రుసుము కలిపి చూసుకోండి. పొదుపు అసలే లేనివాళ్లకు అది నయం.

ఊగిసలాట:
మా నెల ఖర్చు యాభై వేలు. ఎనభై వేలు ఉంచుకుని ఈ ఉదయం 1,20,000 కట్టేశాను. మిగిలిన ముప్పై వేలకు నెలకు 7,500 చొప్పున కడితే ఐదో నెలలో తీరుతుంది. కార్డు బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకు ఇచ్చాను. నిజం చెప్పొద్దూ, కట్టే ముందు యాప్ మూడుసార్లు మూసి తెరిచాను.

దెబ్బతిన్నవాణ్ణి:
మొత్తం తీరిన మరుసటి నెల బిల్లులో కూడా కాస్త వడ్డీ కనిపించవచ్చు, కంగారు పడకండి. బిల్లు తేదీకీ మీరు కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ అది. అదీ కట్టేయండి.