నంది వెనక మట్టి దారుల ట్రాక్ అందరికీ పెట్టాలా, మనలో మనమే ఉంచుకోవాలా?

బండిదారి:
బెంగళూరుకు ఉత్తరాన ఘాటి సుబ్రహ్మణ్య నుంచి మాకళిదుర్గ పక్కగా మంచేనహళ్లి వైపు వెళ్లి, నంది కొండ వెనక నుంచి తిరిగొచ్చే మట్టి దారి ఒకటి మా సైకిలు వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. తారు రోడ్డును అక్కడక్కడా అడ్డంగా దాటడమే తప్ప దాని మీద తొక్కేది చాలా తక్కువ. కొత్తగా చేరిన ఒకాయన ఆ జీపీఎక్స్ ఫైలును, అంటే జీపీఎస్‌తో రికార్డు చేసిన దారి గీతను, కొమూట్ అనే రూట్ల యాప్‌లో అందరికీ కనబడేలా పెడతానన్నాడు. అంతే, గ్రూపు రెండుగా చీలింది.

నేను పెట్టాలనే అంటాను. శనివారం తెల్లవారుజామున బళ్లారి రోడ్డు మీద నందికి బయలుదేరేవాళ్లను చూడండి. పక్కన లారీలు, ఎయిర్‌పోర్టుకు లేటైపోయిన క్యాబులు. వీళ్లలో 40 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లతో మట్టి దారుల కోసమే చేసిన గ్రావెల్ సైకిలు కొని కూడా తారు మీదే తొక్కేవాళ్లు బోలెడు మంది. వేరే దారి ఉందని చెప్పిన పాపాన ఎవరూ పోలేదు మరి. ప్రాణాల మీదికి వచ్చే విషయంలో ఈ రహస్యమేంటో నాకు అర్థం కాదు.

ఇంకోటి. ఇటలీలో టస్కనీ కొండల్లో తెల్లమట్టి రోడ్లు ఒక్కొక్కటే తారు కిందికి పోతుంటే, వాటిని కాపాడుకోవాలని 1997లో ఎరోయికా అని పాతకాలపు సైకిళ్ల యాత్ర మొదలుపెట్టారు. 2007 నుంచి అక్కడే స్త్రాదే బియాంకె అనే ప్రొఫెషనల్ రేసు కూడా జరుగుతోంది. జనం వచ్చి తొక్కారు కాబట్టే ఆ మట్టికి విలువ వచ్చింది.

పల్లేరుకాయ:
గురూ, టస్కనీ సంగతి టస్కనీలో వదిలెయ్. ఇక్కడ ‘ట్రాఫిక్ లేని దారి’ అని పెట్టావంటే నెల తిరక్కుండా దాని మీదికి ట్రాఫిక్ వస్తుంది. సైకిళ్లు కాదు, జీపులు, సైలెన్సర్ పీకేసిన బైకులు, డ్రోన్లు. మట్టి దారికి తట్టుకునే శక్తి ఎంత? వానాకాలంలో నాలుగు జీపులు వెళ్తే మోకాలి లోతు గాడి పడుతుంది, ఎండాకాలానికి అది రాయిలా గట్టిపడుతుంది. ఆ తర్వాత నీ 40 మిల్లీమీటర్లు దేనికీ పనికిరావు.

నా మటుకు నేను, కలిసి తొక్కినవాళ్లకే ట్రాక్ ఇస్తాను. ఒకసారి వెంట వచ్చినవాడికి ఎక్కడ దిగి నడవాలో, ఏ తోట గేటు మళ్లీ మూయాలో తెలుస్తుంది. ఫైలు దించుకున్నవాడికి గీత తప్ప ఇంకేం కనబడదు.

చెయిన్‌లూబ్:
మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, దాచడం మీ చేతుల్లో ఉందనుకుంటున్నారా? రైడులు, పరుగులు రికార్డు చేసే స్ట్రావా యాప్ 2017 చివర్లో పెట్టిన హీట్‌మ్యాప్‌లో, అంటే జనం ఎక్కువగా తిరిగిన దారులు వెలుగుతూ కనిపించే మ్యాపులో, 2018 జనవరికల్లా సైనిక స్థావరాల లోపల జవాన్లు పరిగెత్తిన గీతలే బయటపడ్డాయి. మన మంచేనహళ్లి దారి ఎంత? మీ గ్రూపులో పదిమంది మామూలు సెట్టింగులతో రైడు అప్‌లోడ్ చేస్తూ ఉంటే ఆ గీత ఇప్పటికే వెలుగుతూ ఉంటుంది. నిజంగా దాచాలనుకుంటే ప్రతి ఒక్కరూ ప్రైవసీలోకి వెళ్లి హీట్‌మ్యాప్‌కు డేటా ఇవ్వడం ఆపాలి. పల్లేరుకాయ బ్రో, మీరు ఆపారా?

పల్లేరుకాయ:
ఆపాను. ఎప్పుడో ఆపాను.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
నాకు చట్టం మాటేంటో తెలియాలి. ఇంగ్లండు, వేల్స్‌లో 1968 చట్టంతో గుర్రపు దారుల మీద సైకిలు తొక్కే హక్కు వచ్చింది. అక్కడ ఉన్నప్పుడు మ్యాపులో ఆ గీత చూసుకుని నిశ్చింతగా వెళ్లేవాణ్ని. ఇక్కడ పొలం మధ్యలో ఎవరైనా ఆపి ‘ఎవరు నువ్వు’ అంటే ఏం చెప్పాలి?

బండిదారి:
ఆ గొడవ సగం తీర్చే పరికరం మన దగ్గరే ఉంది. కర్ణాటక రెవెన్యూ వాళ్ల దిశాంక్ యాప్ తెరిస్తే నిలబడ్డ చోటి సర్వే నంబరు చూపిస్తుంది. గ్రామ నక్షాలో బండి దారి, కాలి దారి గీసి ఉంటాయి. ఖరాబు భూమి రెండు రకాలు. ‘ఎ’ ఖరాబు అంటే రైతు కమతంలోనే సాగుకు పనికిరాని ముక్క. ‘బి’ ఖరాబు అంటే దారి, వాగు, చెరువు లాంటి పదిమందికీ చెందినది. ‘బి’లో వెళ్తుంటే మన దారిన మనం వెళ్లొచ్చు. ‘ఎ’ అయితే అది ఒకరి పొలం, అడగాల్సిందే. రిజర్వు ఫారెస్టు అయితే అసలు మాట్లాడొద్దు, అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు. స్కందగిరి కొండను నడిచి ఎక్కాలన్నా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే వెళ్లాలి కదా.

కాబట్టి ట్రాక్ మొత్తం కాకపోయినా, ‘బి’ ఖరాబు మీద ఉన్న భాగమైనా బయట పెట్టాలంటాను.

రాగిముద్ద:
నాది గౌరిబిదనూరు పక్క. ఉద్యోగం బెంగళూరులో, అమ్మానాన్న ఊళ్లోనే. మా ఇంట్లో, మా వీధిలో తెలుగే. చిక్కబళ్లాపురం దాటినాక గుడిబండ, బాగేపల్లి దాకా మీరు దారి అడిగితే తెలుగులోనే చెప్తారు. మీలో చాలామంది వచ్చీరాని కన్నడలో అవస్థ పడతా ఉంటే మావాళ్లు నవ్వుకుంటా ఉంటారు.

అన్నా, మీ చర్చంతా చదివినా. ఎవురూ మా వైపు నుంచి చూడలేదు. మీకు మట్టి కావల్ల, మాకు తారు కావల్ల. వానొస్తే మా ఊరికి ఆటో కూడా రాదు. పురిటి నొప్పులతో ఉండే మనిషిని ట్రాక్టరులో ఎక్కించుకుని పోవల్ల. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చె, తర్వాత నమ్మ గ్రామ నమ్మ రస్తె అనిరి, అయినా మా పల్లె వంతు రాలేదు. మీరు ‘మట్టి రోడ్డు కాపాడల్ల’ అని బోర్డు కట్టుకుని వస్తే మా నాయన ఏమనుకోవల్ల?

సైకిళ్లతో మాకు తగువు లేదు. టీ తాగుతారు, అరటిపండ్లు కొంటారు, పోతారు. తగువు ఎప్పుడంటే, బెంగళూరు బ్లూ ద్రాక్ష పందిరి కింద దూరి ఫొటోలు తీసుకునేటప్పుడు. పురుగుమందు కొట్టినారో లేదో కూడా తెలీకుండా నోట్లో వేసుకుంటారు. ఇంకోటి రాగి నూర్పిడి. డిసెంబరు, జనవరిలో రోడ్డు మీద రాగి పరిచి ఉంటాము. కారు తొక్కితే గింజ రాలతాది. మీ సైకిలు తొక్కితే గడ్డి వెనక చక్రం పళ్లల్లో చుట్టుకుంటాది, మీరు అక్కడే కూర్చుని పీక్కుంటా మమ్మల్నే తిడతారు.

చెయిన్‌లూబ్:
ఆ గడ్డి సంగతి మాత్రం వంద శాతం నిజం. గేర్లు మార్చే డీరైలర్ చిన్న చక్రంలో ఇరుక్కుంటే కత్తెర లేకుండా రాదు.

బండిదారి:
రాగిముద్ద బ్రో, మీ ఊరికి తారు వద్దని నేనెప్పుడూ అనను. ఊరికి వెళ్లే రోడ్డు వేరు, పొలాల మధ్య బండి దారి వేరు. నేను అడిగేది రెండోదాని గురించే. దానికి ఎవరూ తారు వేయరు, కానీ నక్షాలో ఉన్న దారిని లేఅవుటు వేసేవాళ్లు కలిపేసుకుంటున్నారు, రైతులు కూడా ఇష్టంగానో కష్టంగానో వదిలేస్తున్నారు. దేవనహళ్లి చుట్టూ ఏం జరిగిందో చూస్తున్నాం. వాడకంలో లేని దారిని అడిగేవాడెవడు? 2021లో తురహళ్లి అడవిలో ట్రీ పార్కు కడతామంటే జనం అడ్డుపడ్డారు. వాళ్లంతా అక్కడ నడిచినవాళ్లు, తొక్కినవాళ్లు. ఎవరికీ తెలియని అడవి అయితే ఎవరొచ్చేవాళ్లు?

పల్లేరుకాయ:
తురహళ్లి బనశంకరి పక్కన ఉంది, అపార్టుమెంట్ల జనం దిగివచ్చారు. మంచేనహళ్లికి ఎవరు దిగుతారు? ఆదివారం వచ్చి పోయేవాళ్లు తాలూకా ఆఫీసు చుట్టూ తిరగరు.

రాగిముద్ద:
దారి కబ్జా మాట నిజమే. మా చెరువు కింద బండి దారి పోయింది, మా తాత ఎద్దులు కట్టుకుని పోయిన దారే. ఆ విషయంలో మీతో ఉంటా.

ఒక సంగతి చెప్తా వినండి. మీ ఫైలు ఎప్పుడు రికార్డు చేసినారో గానీ, బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు హెచ్.ఎన్. (హెబ్బాళ-నాగవార) వ్యాలీ పథకంలో మా పక్క చెరువులకు వస్తా ఉండాయి. ఏండ్ల తరబడి ఎండిపోయి ఉన్న చెరువు నడిమధ్యలో మీ గీత పోతా ఉంటే, ఇప్పుడు అక్కడ నీళ్లుంటాయి. అంచులో నల్ల ఒండ్రు. అది టైరుకు అంటుకుంటే చక్రం తిరగదు, ఫోర్కు దగ్గర గడ్డ కట్టేస్తాది. కట్ట మీదుగా పోవల్ల. క్వారీ పక్క దారి అయితే ఇంకా ముఖ్యం. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవళ్లి దగ్గర జిలెటిన్ పేలి ఆరుగురు పోయిరి. బ్లాస్టింగ్ టైములో అక్కడ నిలబడి బిస్కెట్లు తింటా ఉంటారు మీవాళ్లు.

వైట్‌ఫీల్డ్ వలసపక్షి:
ఈ రెండు విషయాలు ఒక్క ఫైలులోనైనా రాసి ఉన్నాయా? నేను దించుకున్నవాటిలో అయితే దూరం, ఎత్తు తప్ప ఏమీ లేవు.

బండిదారి:
లేవు. అందుకే ఇలా చేద్దాం. ఘాటి వైపు మొదటి భాగం, దిశాంక్‌లో ‘బి’ ఖరాబు అని తేలినంత మేరకు, నేను పబ్లిక్ చేస్తాను. ప్రతి గేటు దగ్గర, చెరువు కట్ట దగ్గర గుర్తు పెట్టి తెలుగులో, కన్నడలో రెండు ముక్కలు రాస్తాను. క్వారీ పక్కది పూర్తిగా తీసేస్తాను. మీ ఊరి వైపు భాగం మీరు ఊ అంటేనే.

రాగిముద్ద:
నూర్పిడి అయ్యేదాకా మా వైపు వద్దు. సంక్రాంతి దాటినాక నేనే వెంట వస్తా, నా దగ్గర ఉండేది గేర్లు లేని అట్లాస్. మీరు మెల్లగా తొక్కల్ల.

పల్లేరుకాయ:
నేనూ వస్తాను, కానీ నా ట్రాక్ మాత్రం ఎవరికీ ఇవ్వను. ముల్లు దిగితే చిల్లు పూడ్చే సీలెంట్ టైర్లలో పోసుకుని రండి, నా పేరు ఉత్తినే పెట్టుకోలేదు.