చెరువు కాడ తీతువు పిట్ట మీదికొస్తుంది, ఎందుకు?

హన్మకొండ నుంచి:
ఈ ఎండలకు పగటిపూట బయటికి ఎల్లుడు కాదు, అందుకే సాయంత్రం ఆరింటికి ధర్మసాగర్ చెరువు దిక్కు నడుస్తున్న. కట్ట దిగినంక మొరం నేల ఉంటది, ఆడ చింతచెట్టు దాటంగనే రెండు తీతువులు లేచి నెత్తిమీద తిరుక్కుంట ఒకటే అరుసుడు, నిన్నయితే ఒకటి చెవి పక్కపొంటే పోయింది. కండ్ల ముంగట ఎర్రతోలు, పసుపు కాళ్లు, మంచిగ కనవడ్డయి. వారం సంది గదే జాగల. అమ్మకు చెప్తే తీతువు కూస్తే కీడు, అటు పోకు బిడ్డా అంటుంది. నాకు ఆ నడక ఇడువబుద్ధి అయితలేదు. గవి నన్నెందుకు తరుముతున్నయి?

నర్సంపేట నుంచి:
అన్నా, ఆడ గుడ్లున్నయి. తీతువు చెట్టు మీద గూడు కట్టదు, మొరంల చిన్న గుంత చేసి నాలుగు గుడ్లు పెడ్తది, మట్టిరంగు మీద నల్లమచ్చలు, కాలి పక్కన ఉన్నా రాళ్లే అనుకుంటం. మార్చి నుంచి ఆగస్టు దాక ఇదే కథ. 28 నుంచి 30 రోజులు ఆడ మగ రెండూ పొదుగుతయి. పోయిన ఎండకాలం పాకాల చెరువు కాడ కండ్లార చూసిన, మిట్టమధ్యాహ్నం పిట్ట నీళ్లల్లకు దిగి పొట్ట ఈకలు తడుపుకొని ఉరికొచ్చి గుడ్ల మీద కూసున్నది, ఈకల నుంచి నీళ్లు ఇంక కారుతనే ఉన్నయి. ఆ ఎండకు గుడ్లు ఉడుకకుండ చల్లగ చేస్తదట. జర ఓ యాభై అడుగులు దూరంకెల్లి పో, కుక్కను ఎంట తీస్కపోకు.

మహబూబాబాద్ నుంచి:
అమ్మ మాట తీసెయ్యకు తమ్మీ. మా తాత మక్కచేను కావలి ఉన్నప్పుడు రాత్రి తీతువు అరిసిందంటే మంచె మీద లేచి కూసొని టార్చ్ కొట్టేటోడు, శానసార్లు అడవిపందులే ఉండేటియి. నేల మీద గుడ్లు పెట్టుకున్న పిట్టకు నక్క వచ్చినా మనిషొచ్చినా ముందుగాల ఎరుకైతది. కీడు ముచ్చట అట్లనే పుట్టిందనుకుంట నేనైతే.

హన్మకొండ నుంచి:
ఇయ్యాల చింతచెట్టు కాన్నే ఆగి కూసున్న. పావుగంటకు అరుసుడు బందయింది, ఒకటి నాలుగడుగులేసి ఆగుకుంట, మళ్ల నడుసుకుంట వచ్చి రెండు రాళ్ల నడుమ మెల్లగ ఒదిగింది. నేను లేచేసరికి మీద చింతాకులన్నీ జంటలు జంటలుగ ముడుసుకున్నయి. అమ్మకు ఫోన్ల చెప్పిన, పిల్లలైనంక నన్ను తీస్కపో అన్నది.