వేమన మొసలి పద్యంలో ‘నిగిడి’

నీళ్లలోన మొసలి నిగిడి యేనుగుఁ బట్టు
బైట కుక్కచేత భంగపడును
స్థానబలిమి గాని తన బలిమి గాదయా
విశ్వదాభిరామ వినురవేమ

ఇందులో ‘నిగిడి’ కేవలం గణపూరణకు (ఛందస్సు లెక్క నింపడానికి) వేసిన మాటేనా అని ఒక మిత్రులు అడిగారు. మొదటి పాదానికి ప్రాణం ఆ మాటే అని నా అభిప్రాయం. నిగుడు అంటే సాగు, చాచుకొను, ముందుకు వ్యాపించు. ‘నీళ్లమీద నోడ నిగిడి తిన్నగఁ బ్రాకు, బైట మూరెడైనఁ బ్రాకలేదు’ అనే మరో వేమన పద్యంలోనూ ఈ మాట నీటి మీది గమనానికే వచ్చింది. ఒడ్డున నీళ్లు తాగుతున్న జంతువు మీదికి మొసలి తోక బలంతో ఒక్కసారిగా సాగి వచ్చే తీరును ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం.

మొసలి నోటిని గమనిస్తే ‘పట్టు’ అన్న క్రియ కూడా ఎంత సరిగా పడిందో తెలుస్తుంది. దాని పళ్లు శంకువు ఆకారంలో మొనదేలి ఉంటాయి. ఎరలో దిగబడి దాన్ని జారిపోనివ్వవు గాని, కోయడానికీ నమలడానికీ పనికిరావు. ఊడిన పంటి స్థానంలో కొత్త పన్ను వస్తూనే ఉంటుంది. దవడలను మూసే కండరాలు మహాబలమైనవి, తెరిచేవి మాత్రం బలహీనమైనవి. కాబట్టి పెద్ద జంతువు చిక్కినప్పుడు దాన్ని లోతుకు లాగి ముంచడం, ఆపైన పట్టు విడవకుండా తన ఒళ్లంతా గిరగిరా తిప్పి కండను మెలిపెట్టి తెంపడం మొసలి పద్ధతి, ఈ రెండు పనులకూ నీటి ఆసరా కావాలి. నోరు తెరిచి ఎరను పట్టుకొని మునిగినా గొంతులోకి నీరు పోకుండా నాలుక మొదట్లో ఒక పొర అడ్డుకుంటుంది. ఎదిగిన ఏనుగును చంపడం సాధారణంగా మొసలికి సాధ్యమయ్యే పని కాదు. తొండాన్నో కాలినో పట్టగలదు, పద్యం చెప్పిందీ అంతవరకే.



పోతన గజేంద్రమోక్షంలో ‘కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచు’ అన్నప్పుడు ఏనుగు మొసలిని గట్టుకు లాగడం కూడా ఈ స్థానబలిమి కోసమే. గట్టెక్కితే ముంచడానికి లోతు లేదు, తోకతో తోసుకుపోవడానికి నీరు లేదు. కొద్ది దూరం వేగంగా కదిలినా మొసలి త్వరగా అలసిపోతుంది. కుక్క నేల మీది వేటగత్తె: అలుపెరుగని కాళ్లు, పరుగులో నేలను పట్టే మొద్దు గోళ్లు, మాంసాన్ని కత్తెరలా కోసే దవడపళ్లు దానికున్నాయి. అయినా పద్యం కుక్క మొసలిని చంపుతుందనలేదు. ‘భంగపడును’ అంటే ఓడి అవమానం పాలగును అని అర్థం. పాఠం చెప్పేటప్పుడు ‘చచ్చును’ అన్న తాత్పర్యం రాయకుండా ఉంటే మంచిది.