పాత సామాన్ల కొట్టుకి పోయి, కొనకుండా చూసి రావడం తప్పా?

మూలాపేట పిల్ల:
నాకు పాత ఇత్తడి, కంచు, రాచ్చిప్పలు, జాడీలు చూడటం పిచ్చి. ఆదివారం వస్తే నెల్లూరులోనో కావలిలోనో ఏదో ఒక పాత సామాన్ల కొట్లో ఉంటా. కొనేది మాత్రం దాదాపు లేదు. ఉండేది రెండు గదుల అద్దె ఇల్లు, అటక ఓనరు సామాన్లతోనే నిండిపోయింది. అందుకే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నా. ఫోన్‌లో డబ్బులు కట్టే యాప్ తీసేసి పోతా. ఏదైనా మరీ నచ్చితే చేతిలోకి తీసుకుని, దీన్ని చింతపండు పెట్టి తోమేది ఎవరు అనుకుంటా. సగం ఆశ అక్కడే చస్తుంది. అప్పటికీ మనసు లాగితే ఎక్కడైనా ఒక ఉదయగిరి చెక్క గరిటె కొనుక్కుని ఇంటికొచ్చేస్తా.

మొన్న ఒక కొట్లో మరచెంబు మూత తిప్పి చూస్తుంటే, "కొనేదుంటే చూడమ్మా, లేకుంటే మ్యూజియానికి పో" అన్నాడాయన. అందరి ముందూ. చూడటం కూడా తప్పా?

ఒంగోలు గిత్త:
టిక్కెట్టు పెట్టమనండి, గొడవ ఉండదు.

కావలి పాతకొట్టు:
నాది ఇదే వ్యాపారం కాబట్టి చెప్తున్నా. చూడటం తప్పని ఎవరూ అనరమ్మా. కొనే ఉద్దేశం లేకుండా ధర అడగటం తప్పు. ధర చెప్పాలంటే నేను స్టూలెక్కి పై అరలోంచి దించాలి, తూకం వేయాలి, లోపలి తగరం పూత, అదే కళాయి, ఉందా పోయిందా, అడుగున అతుకు ఉందా చూడాలి. ఇదంతా అయ్యాక "మళ్లీ వస్తా అన్నా" అంటారు. ఈలోగా నిజంగా కొనడానికి వచ్చినాయన చూసి చూసి వెళ్లిపోతాడు. కొందరైతే ఫోటో తీసి పక్క కొట్లో చూపించి బేరమాడతారు. ఇంక మరచెంబు అంటారా, దానికి మరే ప్రాణం. వచ్చినోళ్లందరూ తిప్పితే అరుగుతుంది. మళ్లీ మర వేసేవాడు ఈ చుట్టుపక్కల దొరకడు.

మూలాపేట పిల్ల:
నేను ధర అడిగానని ఎక్కడ రాశాను? మూత తిప్పానని రాశా.

కావలి పాతకొట్టు:
అడగకుండా వచ్చారా?

మూలాపేట పిల్ల:
అడిగా. అడిగితే?

కొలతల మాస్టారు:
ధర సంగతి తర్వాత. ముందు ఈ కొట్లలో చెప్పే వయసు నమ్మకండి. ప్రతిదీ "వందేళ్ల నాటిది" అంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం మామూలు వస్తువులు 100 ఏళ్లు దాటితేనే ఆ లెక్కలోకి వస్తాయి. నిజంగా అంత పాతవైతే వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ఒకాయన నాకు మానిక, సోల, తవ్వ అనే పాత కొలత పాత్రలు వరసగా పేర్చి చూపించి మా తాతల నాటివి అన్నాడు. మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయింది 1960ల మొదట్లో. అంటే అంగట్లో వాడిన మానిక అయినా దాని వయసు అరవై ఏళ్ల దగ్గరే ఆగిపోవచ్చు కదా?

కావలి పాతకొట్టు:
నేను వందేళ్లని ఎప్పుడూ చెప్పలేదు. అయినా పల్లెల్లో ఇళ్లల్లో ఇప్పటికీ మానికతోనే బియ్యం కొలుస్తారు మాస్టారూ. కొత్త మానికలూ దొరుకుతాయి.

కొలతల మాస్టారు:
నేను చెప్పేదీ అదే.

ఆత్మకూరు కోడలు:
చెల్లీ, కొనకుండా వస్తున్నావంటే పుణ్యం చేసుకున్నావు. నేను ఆశపడి ఒక ఇత్తడి గుండిగ కొన్నా. ఇంటికొచ్చాక చూస్తే లోపల కళాయి లేదు. అందులో పులుసు పెట్టలేం, పులుపు తగిలితే లోహం దిగి రుచి చెడుతుంది, ఒంటికీ మంచిది కాదు. నా చిన్నప్పుడు కళాయి వేసేవాళ్లు వీధిలోకే వచ్చి కొలిమి పెట్టేవాళ్లు. నవసాగరం చల్లి, తగరం కరిగించి గుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల అద్దంలాగా అయ్యేది. ఆ పొగకి దగ్గొచ్చేది గానీ అక్కడినుంచి కదిలేవాళ్లం కాదు. ఇప్పుడు వాళ్లని వెతుక్కుంటూ గుండిగ చంకన పెట్టుకుని బస్సెక్కాలి. అది అటక మీదే ఉంది.

మూలాపేట పిల్ల:
అక్కా, ఆ బాధ వేరు. కావలి అన్నా, ధర ఎందుకు అడుగుతానో చెప్తా వినండి. మా నాయనమ్మ గంగాళం, కాగులు ఒక అప్పు తీర్చడానికి అమ్ముకున్నాం. వచ్చినాయన తక్కెడ తెచ్చాడు. అడుగున అతుకుందని దాని బరువూ తీసేశాడు, కళాయి బరువనీ కొంత తీసేశాడు. మిగిలినదానికి తూకం ధర. ఇప్పుడు సరిగ్గా అట్టాంటి గంగాళంలోనే నీళ్లు పోసి, బంతిపూలు వేసి పెళ్లిళ్ల డెకరేషన్‌కి అని కొట్టు ముందు పెడుతున్నారు. దానికి ఎంత చెప్తారో నా చెవులతో వినాలి. మా ఇంట్లో నుంచి పోయేటప్పుడు అది పాత ఇత్తడి. మీ కొట్లోకి వచ్చాక పూర్వీకుల సంపద.

కావలి పాతకొట్టు:
అట్టా చెప్పండి. మీరొచ్చేది సామాను చూడటానికి కాదు, మమ్మల్ని దొంగల్లాగా పట్టుకోవడానికి. ఎవరో చేసిన దానికి నన్ను అంటే ఎట్టా? గంగాళం తెచ్చిన రోజే అమ్ముడుపోతుందా? ఏళ్ల తరబడి కూర్చుంటుంది. కొట్టు అద్దె, తోమే మనిషి కూలి, ఎత్తి దించేటప్పుడు పడే సొట్టలు, అన్నీ నావే. మేం కొనకపోతే అవి నేరుగా కరిగించేవాళ్ల దగ్గరికి పోతాయి. అప్పుడు ఆదివారం చూడటానికి మీకు ఏముంటుంది? మీవాళ్లకి ఆ రోజే డబ్బు కావాలి. ఆగి మంచి ధరకి అమ్ముకునే వీలు లేదు. అది కొన్నవాడి తప్పా?

మూలాపేట పిల్ల:
ఆగే వీలు లేదని తెలుసు కాబట్టే కదా తక్కెడ తెచ్చింది.

ఒంగోలు గిత్త:
పాయింటే.

ఆత్మకూరు కోడలు:
ఇద్దరూ కోప్పడకండి గానీ, అందరూ మోసపోయే ఇచ్చారనుకోవద్దు. మా అత్త ఇంట్లో ఇత్తడి అంతా తానే ఇష్టపడి ఇచ్చేసి స్టీలు తెచ్చుకుంది. పండగ వస్తే రెండు రోజులు తోముడుకే పోయేది ఆమెకి, చేతులు పగిలేవి. స్టీలు బిందె తొలిసారి ఎత్తుకున్న రోజు సంగతి ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. ఈ పాత గిన్నెల మీద మోజంతా తోమే పని తప్పినోళ్లకే. నాతో కలిపే అంటున్నా.

మూలాపేట పిల్ల:
మీ అత్త ఇష్టపడి ఇచ్చింది, మా నాయనమ్మ ఇవ్వలేదు. రెండూ ఒకటి కాదక్కా.

కావలి పాతకొట్టు:
సరే. రేపటి నుంచి ప్రతి గిన్నెకీ ధర చీటీ కడతా. అప్పుడు అడగరు కదా?

మూలాపేట పిల్ల:
కొన్న ధర కూడా రాయండి, అడగను.

కావలి పాతకొట్టు:
మీ జీతం చీటీ మీద రాసి మెడలో వేసుకుని తిరుగుతారా?

కొలతల మాస్టారు:
ధర ఏమైనా రాసుకోండి. వయసు రాస్తే మాత్రం ఆధారం చూపించాలి.