ట్యూనర్ పచ్చగా వెలుగుతోంది, గురువుగారు తప్పంటున్నారు: ఎవరిని నమ్మాలి?

డాలస్_నాన్న:
మా అమ్మాయి విజయవాడలోని ఒక గురువుగారి దగ్గర వీడియో కాల్‌లో గాత్రం నేర్చుకుంటోంది. ఐదున్నర శ్రుతిలో (షడ్జం, అంటే స, కీబోర్డులో జి షార్ప్ దగ్గర), మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు నడుస్తున్నాయి. టాబ్లెట్‌లో తంబురా యాప్ పెట్టుకుని, పక్కన ఫోనులో, స్వరం సరిగా ఉంటే పచ్చ దీపం వెలిగించే ట్యూనర్ యాప్ చూసుకుంటూ సాధన చేస్తుంది. గాంధారం (గ) ఉండాల్సిన చోటు కంటే పైన పలుకుతోందని గురువుగారు వారం వారం ఆపుతున్నారు. ట్యూనర్ మాత్రం అక్కడ పచ్చ దీపం చూపిస్తోంది. చివరికి ఫోను కట్టేసి అసలు తంబురా కొనమన్నారు. ఇండియా నుంచి తంబురాను విమానంలో తెప్పించడం మాటలు కాదు. యాప్ నిజంగా చాలదా?

మైనం_మెట్లు:
మీరు రెండు వేర్వేరు పనిముట్లను ఒకే గాటన కడుతున్నారు. తంబురా యాప్ నాదాన్ని ఇస్తుంది; ట్యూనర్ తీర్పు చెబుతుంది, ఆ తీర్పు కీబోర్డు లెక్కలో, అంటే స్థాయిని (స నుంచి పై స దాకా) 12 సమాన భాగాలు చేసే లెక్కలో ఉంటుంది. స్థాయిలో 1200వ భాగం ఒక సెంటు. ఆ లెక్కలో షడ్జం నుంచి ఈ రాగపు గాంధారమైన అంతర గాంధారం 400 సెంట్ల దూరంలో ఉంటే, తంబురా షడ్జం తీగలో ఐదవ అనుస్వరంగా (తీగ మోగినప్పుడు అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరంగా) దానంతట అదే వినిపించే గాంధారం సుమారు 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఐదున్నర శ్రుతిలో మొదటిది 261.6 హెర్ట్జ్, రెండవది 259.6. మీ అమ్మాయి పచ్చ దీపాన్ని పట్టుకుని పాడితే తంబురాలోని గాంధారం కంటే పైన నిలుస్తుంది. గురువుగారి చెవికి అందుతున్నది అదే.

ట్రాన్సిస్టర్:
అయితే మీ వీణ మాటేమిటి? 24 మెట్లు, స్థాయికి 12 చొప్పున ఉంటాయి కదా. అది కీబోర్డు కాకపోతే మరేమిటి? 1979లోనే బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ గారు ఎలక్ట్రానిక్ తంబురా చేసినప్పుడూ ఇలాగే పెదవి విరిచినవారున్నారు. నేడు ఆ పెట్టె లేని కచేరీ వేదిక అరుదు. పైగా చాలా ట్యూనర్లలో స్వరస్థానాల లెక్కను మార్చుకునే వీలుంది. అమరిక మార్చుకోక యంత్రాన్ని తిట్టడం న్యాయం కాదు.

మైనం_మెట్లు:
వీణకు మేళం కట్టేవారు, అంటే మెట్లు అమర్చేవారు, మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తగా ఉండగానే ఒక్కొక్క మెట్టునూ చెవితో జరిపి నిలుపుతారు. స్థాయికి 12 మెట్లు ఉన్నంత మాత్రాన అవి సమానమైన ఎడంతో ఉండాలని ఎవరు చెప్పారు? ఆ తరువాత కూడా తీగను లాగి స్వరాన్ని సరిచేసుకునే స్వేచ్ఛ వాయించేవారి వేలికి ఉంటుంది.

పల్లవి_ప్రియ:
అమ్మాయి నేర్చుకుంటున్నది గాత్రం. వీణను వదిలేయండి.

ట్రాన్సిస్టర్:
వదిలేస్తాను, కానీ 14 సెంట్లను వదలను. సరళీ స్వరాలు పాడే పసిపిల్ల గొంతు ఒక్క అక్షరంలోనే అంతకు మించి ఊగుతుంది. ఆ ఊపులో 14 సెంట్లు ఎక్కువైందని తేల్చే చెవి నిజంగా ఉంటే సంతోషమే. నా చిన్నతనంలో ఒక పోటీలో న్యాయనిర్ణేత నాకు శ్రుతి లేదని అందరి ముందూ అన్నారు. ఆ రోజు నా చేతిలో ట్యూనర్ ఉంటే ఆ మాట అంత తేలికగా అనేవారు కారు.

ఐదున్నర_శ్రుతి:
నేను కూడా ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను. వీడియో కాల్ ఆగకుండా మోగే తంబురాను ఫ్యాను రొదగా భావించి తీసివేస్తుంది. అందువల్ల పిల్ల తంబురాతో పాడుతున్నా నాకు వినిపించేది ఒంటి గొంతు మాత్రమే. దానికి నా తంబురాను జోడించుకుని వినాలి. ఇంత తంటాలు పడి ఒక స్వరం సరిచేయబోతే తల్లిదండ్రులు ట్యూనర్ తెర ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. తోడి రాగంలో గాంధారం ఊగితేనే తోడి అవుతుంది. అక్కడ ట్యూనర్ ముల్లు ఎక్కడా నిలవదు గనుక ఆ ఫోటోలూ వచ్చాయి. పాఠం చెప్పేది నేనా, పచ్చ దీపమా?

డాలస్_నాన్న:
అమ్మా, ఆ ఫోటోలు పంపే తండ్రులలో నేనూ ఒకడిని కనుక సూటిగానే చెబుతాను. నాకు స్వరజ్ఞానం లేదు. గురువుగారు తప్పంటే ఎంత తప్పో, ఎటువైపు తప్పో నాకు తెలియదు. పిల్ల ఏడుస్తూ లేచిపోవడం మాత్రం తెలుస్తుంది. లెక్కల్లో తప్పు చేస్తే నేను కూర్చోబెట్టి చెప్పగలను, ఇక్కడ ఏమీ చేయలేను. మీలాంటి గురువులు పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి వారానికోసారి అరగంట వింటారు. మిగిలిన ఆరు రోజులూ ఇంట్లో ఆమెకు తోడుండేది చెవి లేని నేను, ఆ దీపం. దాన్ని ఆపేయమంటే దాని స్థానంలో ఏం పెట్టాలో కూడా చెప్పాలి.

మైనం_మెట్లు:
ఇది ముందే అడిగి ఉంటే వీణ దాకా వెళ్లేవాళ్లం కాము. తంబురా యాప్‌ను ఐదున్నరకు పెట్టి, టాబ్లెట్ స్పీకరులో మంద్ర (కింది స్థాయి) షడ్జం సరిగా రాదు గనుక, ఒక మంచి స్పీకరుకు వైరుతో కలపండి. కీబోర్డు యాప్‌లో ఈ శ్రుతికి గాంధారమైన సి నొక్కి పట్టి, రెండింటినీ కలిపి వినండి; నాదం అలలు అలలుగా కొట్టుకుంటుంది. ఇప్పుడు కీబోర్డును 14 సెంట్లు దించండి. అలలు అణగిపోతాయి. దీనికి స్వరజ్ఞానం అక్కరలేదు. అమ్మాయిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి.

ట్రాన్సిస్టర్:
అంటే చివరికి యాప్‌తోనే తేల్చారు.

మైనం_మెట్లు:
చెవితో తేల్చాము. యాప్ మోగింది.

డాలస్_నాన్న:
ఇప్పుడే చేసి చూశాము. అలలు నాకూ వినిపించాయి, అమ్మాయికి నాకంటే ముందే వినిపించాయి. కానీ కాల్‌లో తంబురా గురువుగారికి చేరకపోతే అమ్మాయి ఏ గాంధారం పాడినా మళ్లీ వాదనే కదా?

ఐదున్నర_శ్రుతి:
కాల్ అమరికలలో రొదను తగ్గించే సదుపాయాన్ని ఆపివేయండి. కొన్ని యాప్‌లలో సంగీతానికి వేరే అమరిక కూడా ఉంటుంది. తంబురా కొనే విషయం మీ గురువుగారు, మీరు తేల్చుకోండి. ట్యూనర్ మాత్రం పాఠం జరిగే గదిలో ఉండకూడదు; ఈ మాటపై నేను వెనక్కు తగ్గను.

డాలస్_నాన్న:
పాఠం సమయంలో ఉండదు. సాధన సమయంలో, గాంధారాన్ని 386 సెంట్లకు మార్చి, ఉంటుంది.